అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగిందా, ఆగిందా?

మా మేనల్లుడిది హన్మకొండ. మడికొండ దిక్కు ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తాడు. పోయిన వారం పొద్దున్నే ఫోన్ చేసి "మామా, రాత్రి నా ఇజ్జత్ పోయింది" అన్నాడు. అవతలి దేశపు క్లయింట్ మెసేజ్ పెట్టాడట, సర్వర్ రూములో మూడింటికి అలారం వెంట్ ఆఫ్ అని. మావాడికి 'ఆఫ్' ఒక్కటే కనబడింది. అలారం ఆగిందట, ఇక టెన్షన్ లేదనుకున్నాడు. "గుడ్ న్యూస్, థాంక్యూ" అని జవాబు కొట్టి చాయ్‌కి దిగాడు. తిరిగొచ్చేసరికి మేనేజర్ వాడి కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు.

అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగింది. ఆపడం 'టర్న్ ఆఫ్'. అర్ధరాత్రి అది వెంట్ ఆఫ్ అయితే మనం లేచి టర్న్ ఆఫ్ చేస్తాం.

వాణ్ణి తప్పు పట్టలేను. మనలో చాలామందికి 'ఆఫ్' అనే మాట పుస్తకం కంటే ముందు స్విచ్ బోర్డు నేర్పింది. ఆన్ అంటే నడుస్తది, ఆఫ్ అంటే బంద్. ఆ బోర్డును మనసులో పెట్టుకునే ప్రతి ఆఫ్‌నూ చదువుతాం. నిజానికి ఆఫ్‌లోని పాత అర్థం బంద్ కాదు, దూరంగా పోవడం, అంటుకుని ఉన్నది విడిపోవడం. 'ఆఫ్', 'కప్ ఆవ్ టీ'లో ఉండే 'ఆవ్' ఒకప్పుడు ఒకే మాట, తర్వాత రెండుగా చీలాయి. వాడికి నేను విల్లు బొమ్మ గీసి చూపించాను. లాగి పట్టిన నారి వదిలితే బాణం పోతుంది. తుపాకి పేలినా, బాంబు పేలినా, అలారం మోగినా అంతే, పట్టి ఉంచినది విడిపోయింది. అందుకే మూడింటికీ వెంట్ ఆఫ్. (ఇది గుర్తుంచుకోవడానికి చెప్పిన ఉపాయం మాత్రమే. మాట చరిత్ర ఇదేనని నా మీద పెట్టకండి.)

ఈ రెండు ముక్కల మాటకు ఇంకా అర్థాలున్నాయి. కరెంటు వెంట్ ఆఫ్ అంటే పోయింది. మావాడు అనుకున్న అర్థం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, పాపం. ఆయన హైదరాబాద్‌కు వెంట్ ఆఫ్ అంటే వెళ్లిపోయాడు. ఫంక్షన్ వెంట్ ఆఫ్ వెల్ అంటే మంచిగ జరిగింది. అమెరికావాళ్లు ఒకరి మీద గో ఆఫ్ అయ్యారంటే ఎడాపెడా తిట్టారని. ఆ రాత్రి మేనేజర్ చేసింది అదే.

నాకు బాగా నచ్చింది మాత్రం పాల సంగతి. బ్రిటిష్ ఇంగ్లీషులో పాలు చెడిపోతే ది మిల్క్ హాజ్ గాన్ ఆఫ్ అంటారు. ఒక మనిషి మీదో వస్తువు మీదో ఉన్న ఇష్టం పోయినా అదే మాట: ఐ హావ్ గాన్ ఆఫ్ హిమ్. ఇప్పుడు మన తెలుగులో పెట్టి చూడండి. పాలు విరిగాయి. వాడి మీద మనసు విరిగింది. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి ఓరుగల్లు! పాలకూ మనసుకూ ఒకే మాట వాడాలని రెండు భాషలకూ తోచింది. మే నెలలో మా ఇంట్లో పొద్దున తెచ్చిన ప్యాకెట్టు బయట మరిచిపోతే, పదకొండింటికి పొయ్యి మీద పెట్టగానే తెల్లటి తునకలు ఒక దిక్కు, పచ్చటి నీళ్లు ఒక దిక్కు అవుతాయి. ఆ గిన్నెను చూసినవాడికి గాన్ ఆఫ్ ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. విడిపోవడం అక్కడ కంటికి కనబడుతూనే ఉంటుంది.

కింద కామెంట్లలో ఒకరు అడిగారు: "ఇవన్నీ బట్టీ పట్టడానికి పూర్తి లిస్టు ఏమైనా ఉందా అన్నా?"

లిస్టులు బోలెడున్నాయి తమ్ముడూ, పూర్తిది మాత్రం లేదు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సనే ముందుమాటలో ఈ రకం క్రియలు పరాయివాళ్లకు చాలా కష్టమని ఒప్పుకున్నాడు. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో టేక్ ఆఫ్ ఒకటి, దానికి రాసిన అర్థం అనుకరించడం. విమానం లేవడం ఆయన రాయలేదు, రాయడానికి అప్పటికి విమానమే లేదు! కొత్త వస్తువు వస్తే పాత మాటకే ఇంకో అర్థం తగులుకుంటుంది. కాబట్టి క్రియను వదిలేసి, ముందు ఎవరు, ఏది అన్నది చూడు. పోయింది పాలా, కరెంటా, బాంబా? మనం చేసేదీ అదే. 'లేచిపోయింది' అని ఎవరైనా అంటే, గాలిదుమారానికి రేకుల కప్పు సంగతా, పక్కింటి పిల్ల సంగతా అన్నది తెలియకుండా నువ్వు నోరు తెరుస్తావా?

ఇంకొక పొరపాటు కూడా చెప్పాలి. 'ఐ వెంట్ ఆఫ్ ది అలారం' అంటే నేను మోగించానని రాదు. మనకు మోగు–మోగించు, పేలు–పేల్చు ఉన్నట్టే వాళ్లకు గో ఆఫ్–సెట్ ఆఫ్ ఉన్నాయి. పొగ వల్ల అలారం మోగితే పొగ దాన్ని సెట్ ఆఫ్ చేసింది. మనం 'ఇంచు' తగిలించి పని కానిస్తాం, వాళ్లు క్రియనే మార్చేస్తారు. ఇదే సెట్ ఆఫ్ ప్రయాణానికి బయలుదేరడం కూడా, అది మళ్లీ వేరే కథ. టర్న్ ఆఫ్‌లో మాత్రం 'ఇట్' అనే మాటను మధ్యలోనే పెట్టాలి: టర్న్ ఇట్ ఆఫ్. 'టర్న్ ఆఫ్ ఇట్' అనడం మన దిక్కు రోజూ వినే తప్పు.

ఇంకొకరు: "మన దేవాదుల ఎత్తిపోతలలో ఉన్నది కూడా ఈ 'లేచిపోయింది'లోని 'పోవు'నేనా?"

కాదండీ, చాలామంది అక్కడే తడబడతారు. అది పోయు, చెంబుతో నీళ్లు పోయడంలోని పోయు. గోదావరి నీళ్లను పైకెత్తి పోస్తారు కాబట్టి ఎత్తిపోతలు. దొంగ 'ఎత్తుకపోయిండు'లో ఉన్నది మాత్రం పోవు. మనమే మన రెండు క్రియలను కలిపేసుకుంటుంటే, మావాడు 'ఆఫ్' దగ్గర బోల్తా కొట్టాడని ఏం నవ్వుతాం?

ఇంతకీ నాదొక ప్రశ్న. పైన విరిగాయి అని రాశాను గానీ, మా ఇంట్లో అమ్మ "పాలు పలిగినయ్" అనేది. కుండ పలిగినా, తల పలిగినా, పాలు పలిగినా ఆమెకు ఒకటే మాట. కానీ "మనసు పలిగింది" అని ఆమె నోట ఎన్నడూ వినలేదు, మనసు మాత్రం విరిగేది. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఉన్నవాళ్లు చెప్పండి, మీ ఇళ్లల్లో పాలు విరుగుతాయా, పలుగుతాయా?