బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని ముంచింది నిజంగా మనవాళ్లేనా?

డార్వెన్‌లో_హైదరాబాదీ అడిగారు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వచ్చి ఆరు నెలలైంది. ఉండేది డార్వెన్‌లో, బ్లాక్‌బర్న్ పక్కనే. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. మావాడికి తొమ్మిదేళ్లు. బడిలో స్నేహితుల్ని చూసి సగం నీలం, సగం తెలుపు ఉండే ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ రోవర్స్ చొక్కా కొనిపించుకున్నాడు. ఇప్పుడు సీజన్ టికెట్ కావాలని గొడవ.

నాది హైదరాబాద్ అనగానే ఆఫీసులో ఒక పెద్దాయన మొహం అదోలా పెట్టాడు. "ఓహో, కోళ్లవాళ్ల ఊరా!" అని ఊరుకున్నాడు. కాసేపయ్యాక తనే టీ కలిపి తెచ్చిచ్చాడు, మనిషి మంచివాడే. రోవర్స్‌ని కొన్నది మన వెంకీస్‌వాళ్లట. వెంకీస్ అంటే నాకు తెలిసింది ఫ్రీజర్‌లో ఉండే చికెన్ నగ్గెట్స్. అయినా వాళ్లది పుణె కదా? అసలు ఏం జరిగింది? డబ్బు పెట్టక మునిగిందా, పెట్టి మునిగిందా? పిల్లాణ్ని ఇందులోకి దింపొచ్చా?

ఈవుడ్_పాతకాపు:

పెట్టే మునిగింది తమ్ముడూ. అందుకే ఇంత కడుపుమంట.

నేను 2008లో ఇక్కడికి వచ్చాను. మొదటి చలికాలం ఇంట్లో కూర్చోలేక రోవర్స్ స్టేడియం ఈవుడ్ పార్క్‌కి వెళ్లాను, అంతే, అలవాటైపోయింది. నా పక్క సీటు ముసలాయన యాభై ఏళ్లుగా వస్తున్నవాడు. నాకు ఆఫ్‌సైడ్ నేర్పింది ఆయనే. నేను తీసుకెళ్లిన పులిహోర తిని "ఇందులో చేప లేదా?" అని అడిగేవాడు.

ఇది చిన్నాచితకా క్లబ్ కాదు. 1875లో పుట్టింది. 1888లో ఇంగ్లిష్ లీగ్ మొదలుపెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. ఎఫ్‌ఏ కప్ ఆరుసార్లు గెలిచింది. తర్వాత చాలాకాలం రెండో డివిజన్‌లోనే ఈడ్చుకొచ్చింది. 1991లో జాక్ వాకర్ చేతికి వచ్చింది. ఈ ఊళ్లోనే పుట్టి ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించినవాడు. కెనీ డాల్‌గ్లిష్‌ని మేనేజర్‌గా తెచ్చాడు. 1992లో అలన్ షియరర్‌ని 3.3 మిలియన్ పౌండ్లకు కొన్నారు, అప్పటికి బ్రిటన్‌లో అది రికార్డు. 1995 మే 14న లివర్‌పూల్ చేతిలో 2-1తో ఓడిపోయి కూడా ప్రీమియర్ లీగ్ గెలిచారు, ఎందుకంటే అదే రోజు మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్ హామ్ మీద గెలవలేకపోయింది. తేడా ఒక్క పాయింటు. ఈ కథ మా ముసలాయన నాకు కనీసం నలభైసార్లు చెప్పుంటాడు.

"టైటిల్ డబ్బుతో కొన్నారు" అని అప్పుడూ ఏడ్చారు లోకులు. కొన్నారు, కాదనను. కానీ వాకర్‌కి ఒకటి తెలుసు: ఆట గురించి తనకి తెలియదని. తెలిసినవాడిని పెట్టి, పక్కకి తప్పుకున్నాడు. ఆయన 2000లో పోయాడు. ఇప్పుడు స్టేడియం దగ్గర విగ్రహం ఉంది, చూడు.

2010 నవంబర్‌లో వెంకీస్ వచ్చింది. 23 మిలియన్ పౌండ్లు ఇచ్చి, క్లబ్ అప్పులు కూడా నెత్తినేసుకుంది. నిజం చెప్తే ఆ రోజు నేను ఛాతీ విరుచుకుని తిరిగాను, మనవాళ్లు కొన్నారని! నెల తిరక్కుండానే మేనేజర్ శామ్ అలర్డైస్‌ని తీసేశారు. అప్పుడు జట్టు 13వ స్థానంలో ఉంది. ఆయన ఆట చూడముచ్చటగా ఉండదు, నిజమే, కానీ కింద లీగ్‌కి పడనివ్వడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆయన జాగాలో అంతవరకు ఏ జట్టుకీ మేనేజర్‌గా చెయ్యని కోచ్ స్టీవ్ కీన్‌ని కూర్చోబెట్టారు. బ్రెజిల్ స్టార్ ఆటగాడు రొనాల్డినో వస్తాడని వార్తలు. రొనాల్డినో రాలేదుగానీ, మా ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లో కోడికాళ్లు తినే టీవీ ప్రకటన మాత్రం వచ్చింది.

2011-12 సీజన్ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. డిసెంబర్ 31న, మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ 70వ పుట్టినరోజున, ఆ జట్టుని వాళ్ల ఇంట్లోనే 3-2తో కొట్టాం. మా యాకుబు ఒక్కడే ఆ సీజన్ లీగ్‌లో 17 గోల్స్ వేశాడు. అయినా పడిపోయాం. మే 7న విగన్‌తో మ్యాచ్. కుండపోత వాన. ఎవరో రోవర్స్ జెండా కప్పి ఒక కోడిని మైదానంలోకి వదిలారు. ప్రపంచమంతా ఆ ఫొటో చూసి నవ్వింది. మా ముసలాయన నవ్వలేదు. 1-0తో ఓడి, ప్రీమియర్ లీగ్ నుంచి బయటికి వచ్చాం. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

తర్వాతి సీజన్ ఇంకా అన్యాయం. కీన్ వెళ్లిపోయాక మేనేజర్‌గా హెన్నింగ్ బెర్గ్‌ని తెచ్చారు, ఉన్నది 57 రోజులు. మైకల్ ఆపిల్టన్, 67 రోజులు. బెర్గ్ కోర్టుకెళ్లి 2.25 మిలియన్ పౌండ్లు రాబట్టుకున్నాడు. 2017లో మూడో స్థాయికే జారిపోయాం, అదీ గోల్స్ తేడాతో. ప్రీమియర్ లీగ్ గెలిచాక అంత కిందకి పోయిన క్లబ్ అంతకుముందు ఇంకోటి లేదు. టోనీ మోబ్రే ఒక్క ఏడాదిలోనే మళ్లీ పైకి తెచ్చాడు. ఇన్నేళ్లలో నేను ఎక్కువ సంతోషపడ్డది ఆ మూడో స్థాయి సీజన్‌లోనే. చెప్తే ఎవరూ నమ్మరు.

ఇక డబ్బు సంగతి. ఏటా నష్టాలు పూడ్చింది యజమానులే, అది కాదనలేం. పిసినారులు అంటే అన్యాయం. కానీ మొదట్లో తప్ప మ్యాచ్‌కి వచ్చింది లేదు, అభిమానులతో మాట్లాడింది లేదు. వాళ్ల సీట్లు ఏళ్ల తరబడి ఖాళీ. ఇంటి అద్దె టంచనుగా కట్టి, లోపల దీపం పెట్టకపోతే అది ఇల్లెలా అవుతుంది? దానికి తోడు ఈడీ కేసు వచ్చింది. 2023లో ఇక్కడికి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి అడగాల్సి వచ్చింది. మా అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ని 2024 మొదట్లో క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మారు. ఆ సీజన్‌లోనే 27 లీగ్ గోల్స్ వేసిన జ్మోడిక్స్‌ని ఆగస్టులో ఇప్స్‌విచ్‌కి అమ్మారు. నాటేది మనం, కోసుకునేది పక్కవాడు.

అనపర్తి_లేయర్స్:

ఒక్క మాటండి. నాకు ఫుట్‌బాల్ తెలియదు, కోళ్లు తెలుసు. "వాళ్లది పుణె కదా" అన్నారు. ఆ కంపెనీ 1971లో పుట్టింది హైదరాబాద్‌లోనేనండి, బి.వి.రావు గారి చేతుల మీద. మీ ఆఫీసు పెద్దాయన ఊరు తప్పు చెప్పలేదు.

కానీ రావు గారి గురించి కూడా తెలియాలి. ఒకప్పుడు గుడ్డు రేటు దళారి చెప్పిందే. ఆయన రైతుల్ని కూడగట్టి 1982లో నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) పెట్టించారు. ఇవాళ పొద్దున్నే మేం చూసుకునే రేటు దాని పుణ్యమే. ఊరూరా తిరిగి షెడ్ల దగ్గర రైతులతో మాట్లాడేవారని మా నాన్న చెప్పేవారు. ఆయన 1996లో పోయారు. ఫుట్‌బాల్ క్లబ్ కొన్నది ఆయన పిల్లలు.

పైన అన్నగారు రాసింది చదివితే నాకు తోచింది ఇదండి. బ్రాయిలర్ అయితే బ్యాచ్ దెబ్బతింటే షెడ్డు కడిగి, సున్నం కొట్టి, కొత్త పిల్లల్ని దించుతాం. ఆరు వారాల్లో చేతికొస్తుంది. 57 రోజులు, 67 రోజులు అంటుంటే అదే గుర్తొచ్చింది. లేయర్ కోడిని కూడా గుడ్డు పెట్టేదాకా నాలుగున్నర నెలలు మేపుతామండి.

డార్వెన్‌లో_హైదరాబాదీ:

ఇద్దరికీ థ్యాంక్స్. ఇవాళ ఆఫీసులో ఆ పెద్దాయనతో "అవును సార్, మా ఊళ్లోనే పుట్టింది ఆ కంపెనీ" అని నేనే ఒప్పేసుకున్నాను. ఆయన గట్టిగా నవ్వి, 1995లో లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో తను ఎక్కడ నిలబడ్డాడో మొదలుపెట్టాడు. లంచ్ అయిపోయిందిగానీ కథ అవలేదు. పాతకాపు గారూ, మావాడు వినేలా లేడు. ఏ స్టాండ్‌లో కొనమంటారు? మీ పక్క సీట్లు ఉన్నాయా?

ఈవుడ్_పాతకాపు:

నాకు అటుపక్క ఒకటి ఖాళీ. ముసలాయనది. మూడేళ్లయింది ఆయన పోయి, ఎవరూ తీసుకోలేదు. దాని వెనక వరసలో కూడా ఒకటి ఉన్నట్టుంది, పిల్లాణ్ని నా పక్కన కూర్చోబెట్టి నువ్వు వెనక కూర్చో. మాది రివర్‌సైడ్ స్టాండ్. ముందు వరసలు మాత్రం కొనకు, వాన మొహం మీదే కొడుతుంది. స్తంభం అడ్డొచ్చే సీటేమో కూడా అడిగి చూసుకో.