‘సౌష్ఠవం’లో కుడి ఎడమలు ఎక్కడివి?

బ్రాడీపేట, గుంటూరు:
మా అమ్మాయి బైపీసీ. నిన్న రాత్రి అన్నం దగ్గర అడిగింది: "నాన్నా, గుండె ఎడమకి ఒరిగి ఉండటాన్ని అసౌష్ఠవం అంటే, మన ఒంటికి సౌష్ఠవం లేనట్టేనా?" జవాబు తోచలేదు. లెక్కల పుస్తకంలో సౌష్ఠవాక్షం అంటే మడిచినప్పుడు రెండు సగాలూ కలిసే గీత. పెద్దలు అంగసౌష్ఠవం అంటే తీరైన ఒళ్లు. రెండూ ఒకే మాటేనా?

పటమట, బెజవాడ:
ఒకటేనండీ. సంస్కృతంలో ‘సుష్ఠు’ అంటే బాగా. సుష్టుగా భోంచేశాం అంటాం చూడండి, అదే. దాన్నుంచే సౌష్ఠవం. అందులో కుడి ఎడమల ఊసే లేదు. పాత మాటకి శాస్త్రంవాళ్లు కొత్త పని అప్పజెప్పారు. అందుకే ముందు ‘అ’ చేరిస్తే తిట్టులా వినిపిస్తుంది.

అరండల్‌పేట, గుంటూరు:
జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి. గుండె ఎడమకి, కాలేయం కుడికి ఉండటం దాదాపు అందరికీ ఒకటే. నిజాంపట్నం మడ అడవుల బురదలో చిన్న పీతలుంటాయి; మగదాని ముందుకాళ్లలో ఒకటి ఎంతో పెద్దది, కొన్నిటికి కుడిది, కొన్నిటికి ఎడమది. ఇవేవీ లోపాలు కావు. అసలు గొడవ మూడో రకంతో. రెండు పక్కలకీ జన్యువులు ఒకటే, అయినా పిట్టకో పురుగుకో ఒక రెక్క వెంట్రుకవాసి పొడుగవుతుంది, ఏ పక్కదని నియమం లేకుండా. 1962లో వాన్ వాలెన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఈ మూడింటినీ విడదీసి చూపాడు. తిండి చాలకో, వేడికో, పరాన్నజీవుల వల్లో ఎదుగుదల తొణికిందనడానికి ఇది గుర్తని, జీవి దార్ఢ్యానికి కొలబద్దని 1990ల్లో తెగ రాశారు. తర్వాత అనుమానాలొచ్చాయి. ఆ తేడా ఎంత చిన్నదంటే, ఒకే రెక్కని రెండుసార్లు కొలిచినా ఒక్కోసారి అంత తేడా వస్తుంది. గుంపు మొత్తాన్ని కొలిచి ఏదో అనొచ్చేమో గానీ, ఒక్కణ్ణి నిలబెట్టి చెవులు కొలిచి బలహీనుడనడం చిలకజోస్యమే.

బ్రాడీపేట, గుంటూరు:
ఆ మూడోదాన్ని ఏమందాం మాష్టారూ? ‘చంచల అసౌష్ఠవం’ అంటే జబ్బు పేరులా ఉంది.

పటమట, బెజవాడ:
ఎడ్ల బేరంలో మా తాత కొమ్ములు చూసి "జోడు కుదిరింది" అనేవాడు. కుదరకపోతే ‘జోడు తప్పు’ అనొచ్చుగా?

అరండల్‌పేట, గుంటూరు:
తప్పు మళ్లీ దొడ్డిదారిన వచ్చింది కదమ్మా!

పటమట, బెజవాడ:
అయ్యో, అవును. ‘జోడు తేడా’ అనండి.

బ్రాడీపేట, గుంటూరు:
అమ్మాయికి చదివి వినిపించాను. పరీక్షలో రాస్తే మార్కులేస్తారా అంటోంది.