అప్‌డేట్: అమ్మ బర్త్ సర్టిఫికెట్ గొడవ తేలింది

కిందటేడు అడిగాను కదా, అమెరికా సిటిజన్ అయిన అక్క అమ్మ కోసం ఐ-130 (దగ్గరి బంధువుని అమెరికా రప్పించుకునే అర్జీ) వేసింది, 1962లో తెనాలి పక్క పల్లెలో పుట్టిన అమ్మకి బర్త్ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి తేవాలి అని. మొన్న నేషనల్ వీసా సెంటర్ (ఇంటర్వ్యూకి ముందు పేపర్లు చూసే అమెరికా ఆఫీసు) వాళ్లు పేపర్లు సరిపోయాయన్నారు.

జననాలు నమోదు చేసే ఆఫీసులో పాత రిజిస్టర్ తీశారు. అంచులు పురుగులు తినేసి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. అమ్మ పేరు లేదు. మంత్రసాని చేతిలో పుట్టిన ఆడపిల్ల పేరు అప్పట్లో ఎవరు రాయించారు లెండి, జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. సరే, పేరు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ రాసిచ్చారు, ఆ ఒక్క కాగితానికి నాలుగుసార్లు తిరిగాను. తోడుగా అమ్మ టెన్త్ సర్టిఫికెట్, పెద్దమ్మ, మేనమామ ఇచ్చిన అఫిడవిట్లు పెట్టాం. అమ్మ పుట్టిన తేదీ ఏంటని నోటరీ అడిగితే పెద్దమ్మ "సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు, ఆ వారమే మా గేదె ఈనింది" అంది. టెన్త్ సర్టిఫికెట్‌లో చూస్తే జనవరి 18!

ఏళ్ల తరబడి లైన్లో ఉండాలని భయపెట్టినవాళ్లకి: ఆ లైన్ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి. 21 ఏళ్లు నిండిన సిటిజన్ తల్లిదండ్రులకి ఏటా ఇన్నే అనే కోటా లేదు. 1946లో అయితే మొత్తం ఇండియాకే ఏడాదికి 100 మంది!

అమ్మ వీసా ఇంటర్వ్యూ ముంబైలో. గన్నవరం నుంచి ఫ్లైట్ అంటే అమ్మ వద్దంటోంది, రైల్లోనే వస్తుందట, అమెరికాకి కూడా రైలుందన్నట్టు.