షబ్బాత్ పాటించే కుటుంబానికి విడి టికెట్ల చవక ప్రయాణం చెప్పవచ్చా?

న్యూజెర్సీ టికెట్ డెస్క్ (ప్రశ్న)

నేను న్యూజెర్సీలోని ఒక ట్రావెల్ ఏజెన్సీలో పదకొండేళ్లుగా టికెట్ల పని చూస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారిలో మన తెలుగువాళ్ల తర్వాత ఎక్కువమంది లేక్‌వుడ్ ప్రాంతపు యూదు కుటుంబాలవారే. శుక్రవారం సూర్యాస్తమయానికి కాస్త ముందు మొదలై శనివారం రాత్రి నక్షత్రాలు కనబడేవరకు సాగే షబ్బాత్‌ను వీరు నిష్ఠగా పాటిస్తారు. ఆ వేళలో ప్రయాణం చేయరు, డబ్బు ముట్టరు, ఫోను ఎత్తరు, స్విచ్చి వేయరు.

గత వారం ఒక దంపతులు ఐదుగురు పిల్లలతో జెరూసలేములో పెళ్లికి వెళ్లాలని, డిసెంబరులో నెవార్క్ నుంచి తెల్ అవీవ్‌కు దొరికినంత చవకలో టికెట్లు చూడమని అడిగారు. నేరుగా వెళ్లే విమానం కన్నా తలకు 340 డాలర్లు తక్కువలో ఒక మార్గం దొరికింది. నెవార్క్ నుంచి ఏథెన్స్‌కు ఒక టికెట్, ఏథెన్స్ నుంచి తెల్ అవీవ్‌కు వేరే సంస్థలో మరో టికెట్. ఏడుగురికి కలిపి 2,380 డాలర్లు మిగులుతాయి. అయితే గురువారం సాయంత్రం బయలుదేరి, శుక్రవారం ఉదయం పది గంటలకు ఏథెన్స్‌లో దిగి, పన్నెండూ ముప్పావుకు మళ్లీ ఎక్కి, మధ్యాహ్నం రెండూ ముప్పావుకు తెల్ అవీవ్ చేరాలి. జెరూసలేములో సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందే దీపాలు వెలిగించడం ఆనవాయితీ కనుక, డిసెంబరులో అక్కడ దాదాపు నాలుగు గంటలకే షబ్బాత్ వచ్చేస్తుంది.

వాళ్లు అడిగింది చవక టికెట్ కాబట్టి అదే ఇవ్వాలని, మిగతాది వాళ్ల మతం, వాళ్ల ఇష్టమని నా సహోద్యోగి అంటున్నారు. దారిలో చిక్కుకుపోయే టికెట్‌ను చవక టికెట్ అని చెప్పి చేతిలో పెట్టడం నాకు మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

బ్నే బ్రాక్ సంరక్షకురాలు

టికెట్ డెస్క్ గారికి నమస్కారం. మాది నిజామాబాద్ జిల్లా. తొమ్మిదేళ్లుగా ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌ పట్టణంలో ఎనభై నాలుగేళ్ల అవ్వగారిని చూసుకుంటున్నాను. మీరు రాసిన రెండూ ముప్పావు అనే సమయం చదవగానే నాకు ఒక శుక్రవారం గుర్తుకొచ్చింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం అది. ఇంగ్లండులో చదువుకుంటున్న అవ్వగారి మనవడు ఇలాగే రెండు విడి టికెట్లతో ఏథెన్స్ మీదుగా బయలుదేరాడు. మొదటి విమానం గంటా నలభై నిమిషాలు ఆలస్యమైంది. సామాను తీసుకుని, మళ్లీ వరుసలో నిలబడేసరికి రెండో సంస్థవాళ్లు కౌంటరు మూసేశారు. తర్వాతి విమానం రాత్రికి ఉంది, కానీ అది షబ్బాత్‌లో ఎగురుతుంది కనుక అతనికి ఉన్నా లేనట్టే. దగ్గర్లోని హోటలుకు పరుగున వెళ్లి అక్కడి నుంచి ఇంటికి ఫోను చేశాడు. ఏథెన్స్‌లో అప్పటికి ఇంకా పొద్దు ఉంది, ఇక్కడ మాత్రం అవ్వ దీపాలు వెలిగించేసింది.

ఫోను మోగింది. అవ్వ దానివైపే చూస్తూ కూర్చుంది. ఆగి, మళ్లీ మోగింది. తీయమని నన్ను ఆమె అడగకూడదు. నా అంతట నేను తీసి ఉంటే తప్పయ్యేది కాదని ఆమె కూతురు తర్వాత చెప్పింది కానీ, కొత్తగా వచ్చిన నాకు ఆ సంగతి తెలియదు, ముట్టుకుంటే ఏం మైలపడుతుందోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ రాత్రి, మర్నాడు పగలంతా అవ్వ పిల్లవాడు ఎక్కడున్నాడోనని సరిగా తినలేదు. శనివారం చీకటి పడి, షబ్బాత్‌ను సాగనంపే హవ్దాలా ప్రార్థన ముగిశాక గానీ కబురు తెలియలేదు.

అతను అక్కడ ఎలా గడిపాడో ఆదివారం వచ్చి చెప్పాడు. హోటల్ గది తలుపుకు తాళంచెవి లేదు, మిషనుకు చూపించే కార్డు ఉంది, దాన్ని షబ్బాత్‌లో వాడకూడదు. అందుకని గడియ పడకుండా తలుపు సందులో తువ్వాలు మడిచి పెట్టి పడుకున్నాడట. లిఫ్టు ఎక్కకూడదు కాబట్టి ఐదంతస్తులు మెట్ల మీదే తిరిగాడు. హోటలు భోజనం కోషర్ కాదు, అంటే వారి ఆహార నియమాల ప్రకారం వండింది కాదు. సంచిలో ఉన్న ఒక ట్యూనా డబ్బా, రెండు పొట్లాల బిస్కెట్లు ఇరవై ఐదు గంటలకు సరిపెట్టుకున్నాడు.

అతను ఒంటరి కుర్రవాడు కనుక ఎలాగో నెట్టుకొచ్చాడు. ఐదుగురు పిల్లలతో ఆ తల్లి ఏం చేయాలి? పైగా రెండూ ముప్పావుకు దిగడమంటే అప్పుడే బయటపడడం కాదు. పాస్‌పోర్టు చూపించాలి, సామాను రావాలి. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత రైళ్లు కూడా నడవవు. దయచేసి ఆ టికెట్ ఇవ్వకండి.

బరో పార్క్ పద్దులు

నేను బ్రూక్లిన్‌లో ఖాతాలు రాసే పని చేస్తాను. నా పని చాలామటుకు ఇలాంటి పెద్ద కుటుంబాలతోనే కనుక, వాళ్ల పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. బ్నే బ్రాక్ అమ్మగారు చెప్పిన సంఘటన మనసును కదిలిస్తుంది, కానీ అందులో తప్పు విడి టికెట్లది కాదు, శుక్రవారానిది.

2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి జరిగిన తర్వాత చాలా సంస్థలు తెల్ అవీవ్‌కు విమానాలు ఆపేశాయి, కొన్ని మొదలుపెట్టి మళ్లీ ఆపాయి. సీట్లు తగ్గాయి, నేరుగా వెళ్లే విమానాల ధరలు మధ్యతరగతి కుటుంబానికి అందనంత పెరిగాయి. ఆ రోజుల్లో ఏథెన్స్, సైప్రస్‌లోని లార్నకా మీదుగా విడివిడిగా టికెట్లు కొనుక్కుని ఎన్నో కుటుంబాలు తల్లిదండ్రులను చూసుకున్నాయి, పెళ్లిళ్లకు, అశుభాలకు వెళ్లాయి. పెసాఖ్, సుక్కోత్ పండుగల ముందు అందరూ ఒకేసారి కొంటారు కనుక ధర ఎప్పుడూ మంటే. పండుగ దినాల్లో కూడా ప్రయాణం నిషిద్ధమే కాబట్టి ఎంచుకోగల రోజులే బహు తక్కువ. బడి ఫీజులు, కోషర్ మాంసం, పెద్ద కారు, ఇవన్నీ కట్టుకునే ఇంటికి 2,380 డాలర్లు చిన్న మొత్తం కాదు. నేరుగా వెళ్లండి అని సలహా ఇవ్వడం సులువే, ఆ తేడా ఎవరు కడతారు?

నేరుగా వెళ్లినంత మాత్రాన భయం లేదనుకోవడమూ పొరపాటే. 2018 నవంబరులో న్యూయార్క్‌లో మంచు పడి, గురువారం రాత్రి బయలుదేరాల్సిన ఇజ్రాయెల్ సంస్థ ఎల్ అల్ విమానాలు గంటలకొద్దీ ఆలస్యమయ్యాయి. వాటిలో ఒకటి షబ్బాత్ ముంచుకొస్తుందని ఏథెన్స్‌లోనే దిగిపోయింది, ప్రయాణికులు చాలామంది షబ్బాత్‌ను అక్కడే గడిపారు. 1982 నుంచి షబ్బాత్‌లో విమానాలు నడపని సంస్థ, అదీ నేరుగా వెళ్లే విమానం, అయినా అంత పని జరిగింది. అందుచేత చూడవలసింది ఎన్ని టికెట్లన్నది కాదు, ఏ రోజన్నది. షుల్హాన్ ఆరూఖ్ అనే వారి ధర్మశాస్త్ర గ్రంథం 16వ శతాబ్దంలోనే షబ్బాత్‌కు ముందు మూడు రోజులలోపు ఓడ ఎక్కవద్దని చెప్పి, పుణ్యకార్యానికైతే మినహాయింపు ఇచ్చింది. ఇజ్రాయెల్‌కు వెళ్లడమే పుణ్యకార్యమని చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) అంటారు, ఆ చర్చ వాళ్లది. అయినా ఆ మూడు రోజుల లెక్క వెనకున్న జాగ్రత్త నేటి విమానాలకూ పనికొస్తుంది.

నేనైతే ఆదివారం, సోమవారం, మంగళవారాల్లోనే బయలుదేరమంటాను, విడి టికెట్లయితే మధ్యలో ఒక రాత్రి ఆగమంటాను. లార్నకా నుంచి తెల్ అవీవ్ సుమారు గంట ప్రయాణం. ఒక రాత్రి గది అద్దె పోయినా కుటుంబానికి వెయ్యి డాలర్లకు పైగా మిగిలిన సందర్భాలు నా పద్దుల్లోనే ఉన్నాయి. చవక సంస్థల విమానాల్లో కోషర్ భోజనం ఉండదు కాబట్టి రెండు పూటల తిండి మూటగట్టుకోవాలి, అంతే.

ఫ్రాంక్‌ఫర్ట్ చెక్-ఇన్

బరో పార్క్ గారు రోజు గురించి చెప్పింది సబబే, కానీ టికెట్ల సంఖ్య ముఖ్యం కాదనడాన్ని ఒప్పుకోలేను. నేను పదిహేనేళ్లు విమానాశ్రయ కౌంటరులో కూర్చున్నాను.

ఒకే టికెట్ మీద యూరోపియన్ సంస్థతో అమెరికా నుంచి తెల్ అవీవ్ వెళ్తున్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, గమ్యం చేర్చే బాధ్యత ఆ సంస్థదే. శుక్రవారం రాత్రి విమానంలో సీటు ఇస్తామంటే, వద్దు ఆదివారం ఇవ్వండి అని షబ్బాత్ పాటించే మనిషి అడగగలిగేది ఆ బాధ్యత వల్లనే. కౌంటరులో ఉన్న ఉద్యోగికి అది తెలియకపోతే మర్యాదగా గుర్తుచేయాలి.

విడి టికెట్లలో ఇదేమీ లేదు. మొదటి సంస్థ దృష్టిలో మీ ప్రయాణం ఏథెన్స్‌లోనే ముగిసింది. రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. సామాను వేసి ఉంటే గ్రీసు సరిహద్దు దాటి బయటకు వచ్చి తీసుకోవాలి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త నమోదు పద్ధతిలో వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి కనుక ఆ వరుసలకు ఇంకొంత సమయం వదులుకోవాలి. ఏడుగురికి రెండూ ముప్పావు గంటలు చాలవని నా అనుభవం చెబుతుంది. (ఇదే మార్గంలో వెళ్లాలనుకునే తెలుగువాళ్లు ఒకటి గమనించాలి. భారత పాస్‌పోర్టుతో అలా బయటకు రావాలంటే షెంగెన్ వీసా ఉండాలి.)

చేబ్రోలు వాసి

మా ఊరి పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదు సమాజం ఉంది కనుక షబ్బాత్ అన్నమాట నాకు కొత్త కాదు. టికెట్ డెస్క్ గారి సహోద్యోగి దీన్ని మన ముహూర్తాల పట్టింపు లాంటిదిగా అనుకుంటున్నారేమోనని నా అనుమానం. మనకు ప్రయాణానికి రోజు మంచిది కాకపోతే ముందురోజే ఒక సంచి తీసుకెళ్లి పక్కింట్లో ప్రస్థానం పెట్టి, మర్నాడు నిశ్చింతగా బయలుదేరుతాము. షబ్బాత్‌కు అలాంటి వెసులుబాటు లేదు. గుమ్మం దాటావా అన్నది కాదు, సూర్యుడు దిగేసరికి ఎక్కడ ఉన్నావన్నదే లెక్క. అది తెలిసిన ఏజెంటు చెప్పకుండా ఊరుకుంటే, మందుల దుకాణంలో పడని మందు అని తెలిసీ ఇచ్చినట్టే నాకు అనిపిస్తుంది.

బరో పార్క్ పద్దులు

చెప్పకుండా ఊరుకోమని నేను అనలేదండీ. చెప్పాలి, తప్పక చెప్పాలి. కానీ చెప్పిన తర్వాత నిర్ణయం వాళ్లకు వదలాలి. వాళ్లకు రబ్బీ ఉన్నారు, తమ షబ్బాత్‌ను ఎలా కాపాడుకోవాలో మనకన్నా బాగా తెలుసు. ఆ మార్గాన్ని అసలు చూపించకుండా దాచిపెడితే, పేదవాడికి ఉన్న ఒక దారిని మనమే మూసేసినట్టవుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ గారు చెప్పిన హక్కుల మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ హక్కు విలువ తలకు 340 డాలర్లా అన్నది ఆ తండ్రి తేల్చుకోవాలి.

న్యూజెర్సీ టికెట్ డెస్క్

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చలో రాని విషయం ఒకటి ఈ వారమే నాకు తట్టింది, మిగతావారికి పనికొస్తుందని రాస్తున్నాను. అమెరికాలో, ప్రయాణానికి వారం రోజులు లేదా అంతకన్నా ముందు విమాన సంస్థ దగ్గర నేరుగా కొన్న టికెట్‌ను 24 గంటల్లోగా రద్దు చేసుకుంటే సాధారణంగా మొత్తం డబ్బు వెనక్కి వస్తుంది. ముందు కొని, తర్వాత ఇంట్లోనూ రబ్బీ దగ్గరా అడగడం ఇక్కడ చాలామందికి అలవాటు. కానీ శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు కొన్నవారికి ఆ గడువు శనివారం రెండింటికి ముగుస్తుంది, అప్పుడు వాళ్లు ఫోను ముట్టరు. పేరుకు 24 గంటలున్నా, డిసెంబరులో వాళ్ల చేతికి మిగిలేది రెండు గంటల పైచిలుకే. ఇకనుంచి మా ఖాతాదారులకు గురువారమో, శనివారం రాత్రో కొనమని చెబుతాను.

ఆ కుటుంబానికి మూడు మార్గాలూ కాగితం మీద రాసి చూపించాను. ఏథెన్స్ విడి టికెట్ల పక్కన, మొదటి విమానం ఆలస్యమైతే శుక్రవారం రాత్రి ఎక్కడుంటారో కూడా రాశాను. వాళ్లు రబ్బీని అడుగుతామని వెళ్లి, శనివారం రాత్రి హవ్దాలా కాగానే ఫోను చేసి మూడోది తీసుకున్నారు. ఆదివారం రాత్రి బయలుదేరి, యూరప్‌లో ఒకచోట మారుతూ, ఒకే టికెట్ మీద సోమవారం సాయంత్రం చేరే మార్గమది. చవకదానికన్నా తలకు 150 ఎక్కువ, నేరుగా వెళ్లేదానికన్నా 190 తక్కువ, ఏడుగురికి 1,330 డాలర్లు మిగిలాయి. మిగతా వెయ్యీ యాభై డాలర్లు అనవసరంగా ఖర్చు పెట్టించానని నా సహోద్యోగి ఇప్పటికీ అంటున్నారు.

ఏడు కోషర్ భోజనాలు రెండు విమానాలకూ నమోదు చేశాను. మొదటిదానికి నిర్ధారణ వచ్చింది, రెండోదానికి ఇంకా రాలేదు. బయలుదేరడానికి 48 గంటల ముందంటే సరిగ్గా శుక్రవారం రాత్రి అవుతుంది కనుక, వాళ్ల తరఫున గురువారమే మళ్లీ అడుగుతాను.