పీఅక్ట్ రికార్డులు పైథాన్‌తో చదువుడు: ల్యాబ్ సర్వర్ల ఎవరు ఎంత సీపీయూ వాడిండ్రో లెక్క

నల్లగొండ_ల్యాబ్:
కాలేజీ ల్యాబ్‌ల ఒక ఉబుంటు సర్వర్ ఉన్నది. పిల్లలందరు ఎస్‌ఎస్‌హెచ్‌తోని లాగిన్ అయి సీ ప్రోగ్రాములు, పైథాన్ అసైన్‌మెంట్లు నడిపిస్తరు. నెలకోసారి యూజర్ల వారీగ సీపీయూ టైమ్ రిపోర్టు కావాలె. అక్ట్ ప్యాకేజీ (ఏ ప్రాసెస్ ఎవరిది, ఎంత సీపీయూ వాడిందో కెర్నెల్‌తో రాయించేది) వేసిన, పీఅక్ట్ అనే ఫైల్ల రికార్డులు పడుతున్నయి. ఇప్పుడు ఆ రికార్డులను చూపించే లాస్ట్‌కామ్ కమాండ్ అవుట్‌పుట్‌ను స్ప్లిట్ చేసి లెక్క తీస్తున్న. కని దాంట్ల తేదీకి సంవత్సరం ఉండది, కమాండ్ పేరుల ఖాళీ ఉంటే కాలమ్‌లన్ని పక్కకు జరుగుతయి. సీదా బైనరీ ఫైలే చదవొచ్చునా? ఏ లైబ్రరీ వాడాలె?

పాలమూరు_పైథాన్:
చదవొచ్చు, అదే సులువు. లాస్ట్‌కామ్ మనుషులు చూసుకోనీకె, స్క్రిప్టులకు కాదు. ఫైలు /వార్/లాగ్/అకౌంట్/ కింద పీఅక్ట్ పేరుతో ఉంటది. ఒక్కో రికార్డు సరిగ్గ 64 బైట్లు, హెడర్ ఏం లేదు, మొదటి బైటు నుంచే రికార్డులు షురూ.

వరుస ఇది (వెర్షన్ 3): ఫ్లాగ్ 1 బైటు, వెర్షన్ 1 బైటు, టీటీవై 2 బైట్లు. తర్వాత నాలుగేసి బైట్లవి ఆరు: ఎగ్జిట్ కోడ్, యూఐడీ (యూజర్ నంబరు), జీఐడీ (గ్రూపు నంబరు), పీఐడీ (ప్రాసెస్ నంబరు), పేరెంట్ పీఐడీ, మొదలైన టైమ్. తర్వాత 4 బైట్ల ఫ్లోట్, అది మొత్తం నడిచిన టైమ్. తర్వాత రెండేసి బైట్లవి ఎనిమిది: యూజర్ టైమ్, సిస్టమ్ టైమ్, మెమొరీ, ఐఓ, ఆర్‌డబ్ల్యూ, మైనర్ ఫాల్ట్‌లు, మేజర్ ఫాల్ట్‌లు, స్వాప్‌లు. ఆఖరుకు 16 బైట్ల కమాండ్ పేరు.

బైనరీ బైట్లను విడదీసే పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌కు ఫార్మాట్ స్ట్రింగ్ ఎట్లంటే: ముందు లిటిల్ ఎండియన్ గుర్తు, రెండు పెద్ద బీలు, ఒక పెద్ద హెచ్, ఆరు పెద్ద ఐలు, ఒక చిన్న ఎఫ్, 8 పెద్ద హెచ్‌లు, చివర 16 చిన్న ఎస్. క్యాల్క్‌సైజ్ 64 చూపించాలె. చూపియ్యకపోతే ముందుకు పోకు.

ఐఓ, ఆర్‌డబ్ల్యూ, స్వాప్ ఫీల్డులు లైనక్స్‌ల ఎప్పుడూ సున్నాలే. వాటితోని గ్రాఫులు గీయకు.

గద్వాల_గ్రెప్:
నెల ఫైలుకు స్ట్రక్ట్ కంటె నంపై (అంకెల పట్టికల లైబ్రరీ) మేలు. స్ట్రక్చర్డ్ డీటైప్ ఒకటి రాసి ఫ్రమ్‌ఫైల్ కొడితే మొత్తం ఒక్క లైన్ల లోడ్ అయితది. 10 లక్షల రికార్డులంటే 6.4 కోట్ల బైట్లు, మామూలు మెషీన్ మీద గూడ ఆలోచించేటంత కాదు. కమాండ్ పేరుకు ఎస్16 టైప్ ఇస్తే వెనక సున్నా బైట్లు అదే తీసేస్తది. పేరును యూటీఎఫ్-8గ మార్చేటప్పుడు ఎర్రర్స్‌కు రీప్లేస్ పెట్టు, పిచ్చి బైట్లున్న పేరు ఒక్కటొచ్చినా స్క్రిప్ట్ పడిపోతది.

ఇగ యూజర్ టైమ్, సిస్టమ్ టైమ్ ఉత్త అంకెలు కావు, కాంప్-టీ అనే చిన్న ఫ్లోటింగ్ రూపం. 16 బిట్లల్ల పైన 3 బిట్లు ఎక్స్‌పోనెంట్ (8 ఆధారం), కింద 13 బిట్లు మాంటిస్సా. 8191తో యాండ్ చేసి కింది భాగం తీసుకో, దాన్ని (పైభాగం × 3) బిట్లు ఎడమకు జరుపు. వచ్చింది టిక్కులు, సెకనుకు 100. నడిచిన టైమ్ ఫ్లోట్ గూడ టిక్కులే, దాన్ని గూడ 100తో భాగించాలె.

నంపైల ఎక్కడ దెబ్బ తింటరంటే: కాలమ్ 16 బిట్లదే. అట్లనే ఎడమకు జరిపితే పై బిట్లు కింద పడిపోతయి, ఎర్రర్ గూడ రాదు. ముందు 64 బిట్లకు మార్చి అప్పుడు జరపాలె. చిన్న కమాండ్లకు లెక్క కరెక్టే వస్తది, సుమారు 655 సెకన్లు దాటినయే తప్పుతయి. అందుకే టెస్టుల దొరకదు, రిపోర్టుల దొరుకుతది.

నల్లగొండ_ల్యాబ్:
అన్నా, అదే అయింది. పొద్దంత మోడల్ ట్రైనింగ్ నడిపిన యూజర్‌కు అరనిమిషం చూపించింది. 64 బిట్లకు మార్చినంక సక్కగొచ్చింది. ఇంకో డౌటు: కొందరికి వేల కమాండ్లున్నయి, సీపీయూ మాత్రం సున్నా. ఎట్ల?

గద్వాల_గ్రెప్:
టిక్కు అంటె 10 మిల్లీసెకన్లు. అంతకన్నా తక్కువల అయిపోయే ఎల్‌ఎస్, క్యాట్ లాంటివన్నీ సున్నాకే కోసుకపోతయి. షెల్ లూపులు తిప్పేటోళ్లకు లెక్క తక్కువే వస్తది, దాన్ని పీఅక్ట్‌తో సరిచేయలేవు. రిపోర్టుల కమాండ్ల సంఖ్యను గూడ పక్కన పెట్టు.

వనపర్తి_వీఐ:
అందరూ డీకోడింగ్ దగ్గరే ఆగిపోతున్నారు. రికార్డు ఎప్పుడు పడుతుందనేదే దీంట్లో అసలు కీలకం. ప్రాసెస్ ముగిసినప్పుడు కెర్నెల్ రాస్తుంది, మొదలైనప్పుడు కాదు. దాంతో వచ్చే చిక్కులు ఇవి:

ఫైల్లో వరుస ముగిసిన క్రమంలో ఉంటుంది. మొదలైన టైమ్ ప్రకారం కావాలంటే సార్ట్ చేసుకోవాలి.

సోమవారం స్క్రీన్ (లాగవుట్ అయినా పని నడిపించే ప్రోగ్రాము)లో మొదలైన పని శుక్రవారం ఆగితే, దాని సీపీయూ మొత్తం శుక్రవారం రికార్డులో ఒక్కసారిగా వస్తుంది. నెల చివర ఇంకా నడుస్తున్నవి ఆ నెల లెక్కలోకి రానే రావు. రోజువారీ గ్రాఫ్ ఇస్తే ముగిసిన టైమ్ (మొదలైన టైమ్ + నడిచిన టైమ్) ప్రకారం గ్రూప్ చేసి, అదే మాట రిపోర్టు కింద రాయండి.

కరెంటు పోయి సర్వర్ ఆగిపోతే ఆ క్షణాన నడుస్తున్న వేటికీ రికార్డు ఉండదు. ఎండాకాలం మన దిక్కు ఇది చిన్న విషయం కాదు. కిల్ మైనస్ 9 కొట్టినవి మాత్రం పడతాయి, ఎందుకంటే రాసేది ప్రోగ్రాము కాదు, కెర్నెల్. వాటికి ఫ్లాగ్‌లో 16 బిట్ ఉంటుంది. కోర్ డంప్‌కు 8, సూపర్‌యూజర్ అధికారం వాడితే 2, ఫోర్క్ అయి ఎగ్జెక్ చేయకుండానే ముగిస్తే 1.

ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నిటి టైమ్ ఒకే రికార్డులో కలిసి వస్తుంది. కాబట్టి సీపీయూ టైమ్ నడిచిన టైమ్ కంటే ఎక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు. పిల్ల ప్రాసెస్‌ల టైమ్ తల్లి రికార్డులో కలవదు, అందుకే మొత్తం కూడితే రెండుసార్లు లెక్కపడదు.

మిర్యాలగూడ_సిస్‌అడ్మిన్:
కరెంటు ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. ఆగి లేచినంక ఫైలు చివర సున్నాల బైట్లు మిగలొచ్చు, లేదంటే రికార్డు సగంల తెగొచ్చు. తెగితే ఇంకా గోస: కెర్నెల్ ఆ తెగిన చోటు నుంచే ముందుకు రాస్తది, అక్కడి నుంచి రికార్డులన్ని 64 గీత తప్పుతయి. యూఐడీ కోట్లల్ల, తేదీలు 1970ల, 2090ల కనిపిస్తే అదే రోగం.

మందు: ప్రతి రికార్డుల వెర్షన్ బైటును 127తో యాండ్ చేసి 3 వస్తుందా చూడు. రాకపోతే ఒక్కో బైటు ముందుకు జరుగుకుంట, వెర్షన్ 3 ఉండి మొదలైన టైమ్ ఫైలు తేదీకి దగ్గరగ ఉన్న చోటు వెతుకు. వెర్షన్ ఒక్కటే చూస్తె మోసపోతవు, 3 అనే బైటు యాడనైనా ఉండొచ్చు. వరసగ రెండు మూడు రికార్డులు ఒప్పుకుంటెనే ఖాయం చెయ్యి.

ఫ్రమ్‌ఫైల్ చివర మిగిలిన తుంట బైట్లను సప్పుడు లేకుంట వదిలేస్తది. ఫ్రమ్‌బఫర్, స్ట్రక్ట్ ఇటర్-అన్‌ప్యాక్ మాత్రం 64కు భాగం పోకుంటె ఎర్రర్ ఇస్తయి. నాకు ఎర్రర్ ఇచ్చేదే ఇష్టం, తెగిందని అప్పుడే తెలుస్తది. ఎట్లాగూ పాత ఫైళ్లు జీజిప్‌ల ఉంటయి, ఫ్రమ్‌ఫైల్‌కు అవి చదవరావు. జీజిప్ మాడ్యూల్‌తో ఓపెన్ చేసి, రీడ్ చేసి, ఫ్రమ్‌బఫర్‌కు ఇయ్యాలె.

పాలమూరు_పైథాన్:
టైమ్ జోన్ గూడ చూసుకో. మొదలైన టైమ్ యూటీసీ సెకన్లు. పాండాస్‌ల టు-డేట్‌టైమ్‌కు యూనిట్ ఎస్, యూటీసీ ట్రూ ఇచ్చి, ఆసియా/కోల్‌కతాకు మార్చినంకనే తేదీ తియ్యి. యూటీసీ తేదీ మారేది మనకు పొద్దుగాల 5:30కు. మార్చకుంటె అర్ధరాత్రి దాటినంక నడిచిన జాబులన్ని నిన్నటి ఖాతల పడతయి. నెల ఆఖరు రోజైతే నెలే మారిపోతది.

మదర్‌బోర్డు సెల్ అయిపోయిన మెషీన్లల్ల బూట్ కాంగనే గడియారం తప్పుంటది, ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసేది) వచ్చి సరిచేసేదాంక ముగిసిన ప్రాసెస్‌లకు తప్పు తేదీలే. కెర్నెల్ మొదలైన టైమ్‌ను ముగింపు అప్పుడే లెక్కేస్తది, అప్పటి గడియారంల నుంచి నడిచిన టైమ్ తీసేసి. అందుకని ఎన్‌టీపీ తర్వాత ముగిసినయి కరెక్టుగనే ఉంటయి.

దేవరకొండ_డెబియన్:
యూఐడీని పేరుగా మార్చేటప్పుడు ప్రతి రికార్డుకూ గెట్‌పీడబ్ల్యూయూఐడీ పిలవకండి. ముందు విడి యూఐడీల జాబితా తీసి, ఒక్కోదానికి ఒక్కసారే పిలిచి డిక్షనరీలో పెట్టుకోండి. ఎల్‌డాప్ (యూజర్ల వివరాలు నెట్‌వర్క్‌లో ఉంచే సర్వర్) ఉన్న చోట తేడా నిమిషాల్లో కనిపిస్తుంది. యూజర్ తీసేసి ఉంటే కీఎర్రర్ వస్తుంది, పట్టుకోండి.

దానికంటే ప్రమాదం: సెమిస్టర్ అయ్యాక పాత అకౌంట్లు తీసేసి కొత్తవి చేస్తే అవే యూఐడీలు మళ్లీ వస్తాయి. అప్పుడు పాత ఫైలు చదివితే సీనియర్ లెక్క జూనియర్ పేరు మీద పడుతుంది. రొటేషన్ అయిన ప్రతిసారీ పాస్‌వర్డ్ ఫైలు కాపీ ఒకటి పక్కన దాచండి. సుడోతో నడిపినవి రూట్ పేరు మీదే పడతాయి, అసలు మనిషి కావాలంటే సుడో లాగ్ చూడాల్సిందే.

కమాండ్ పేరు 15 అక్షరాలే. ఆర్గ్యుమెంట్లు ఉండవు. పైథాన్3 అని ముందు పెట్టి నడిపితే పేరు పైథాన్3 అనే పడుతుంది. షీబ్యాంగ్ (ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే మొదటి లైను) పెట్టి నేరుగా నడిపితే స్క్రిప్ట్ పేరు పడుతుంది. ప్రోగ్రాము తన పేరు తానే మార్చుకోగలదు కూడా, కాబట్టి నిఘాకు దీన్ని నమ్ముకోవద్దు. దానికి ఆడిట్‌డీ అనే నిఘా సర్వీసు ఉంది.

రొటేషన్ మాట: ఫైలును ఉత్తగా ఎంవీ చేస్తే కెర్నెల్ పాత ఫైల్లోనే రాస్తూ ఉంటుంది. ఖాళీ ఫైలు కొత్తగా సృష్టించి, అకౌంటింగ్‌ను ఆన్ చేసే అక్ట్‌ఆన్ కమాండ్‌కు దాని పాత్ ఇవ్వాలి. ఫైలు ముందే లేకపోతే అక్ట్‌ఆన్ ఒప్పుకోదు. డెబియన్, ఉబుంటుల్లో రోజువారీ క్రాన్ ఇదంతా చేస్తుంది, ఎన్ని ఫైళ్లు ఉంచాలో /ఈటీసీ/డిఫాల్ట్/అక్ట్‌లో ఉంటుంది, మామూలుగా 30. నెల రిపోర్టుకు అది సరిగ్గా అంచు మీద ఉంది, పెంచండి.

మిర్యాలగూడ_సిస్‌అడ్మిన్:
రెడ్‌హ్యాట్ రకాలల్ల ప్యాకేజీ పేరు పీఎస్‌అక్ట్, ఫైలు /వార్/అకౌంట్/ కింద. సిస్టమ్‌సీటీఎల్‌తో ఎనేబుల్ చేసుకోవాలె.

డిస్కు గూడ చూడుండ్రి. ఖాళీ జాగ 2 శాతం కిందికి పడితే అకౌంటింగ్ ఆగుతది, 4 శాతం దాటితే మళ్ల మొదలైతది, కెర్నెల్ 30 సెకన్లకోసారి చూస్తది. ఈ మూడు అంకెలు /ప్రాక్/సిస్/కెర్నెల్/అక్ట్‌ల ఉంటయి. ఆగినప్పుడు కెర్నెల్ లాగ్‌ల "పాజ్డ్" అని పడతది. రిపోర్టుల ఒక పూట మొత్తం ఖాళీగ కనబడితే ముందు ఆ లాగ్ చూడు.

నల్లగొండ_ల్యాబ్:
చాల సాయమైంది. ఇప్పుడు నా మొత్తాలు ఎస్ఏ మైనస్ ఎం (యూజర్ల వారీగ మొత్తాలు చూపించే కమాండ్) తోని పోల్చి చూస్తున్న, కలుస్తలేవు. ఇంకోటి, లాగిన్ గంటలు గూడ అడుగుతున్నరు. దానికి డబ్ల్యూటీఎంపీ (లాగిన్, లాగవుట్ రికార్డుల ఫైలు) ఇట్లనే చదవొచ్చునా?

గద్వాల_గ్రెప్:
ఎస్ఏ సీపీయూను నిమిషాలల్ల చూపిస్తది, నీయి సెకన్లు. పైగ అది ఇంతకు ముందు దాచిన సమ్మరీ ఫైళ్లు గూడ కలుపుతది. మైనస్ ఐ పెడితే కలపదు. ఇంక గీసిగీసి చూడాలంటె డంప్-అక్ట్ వాడు, రికార్డుకో లైను, ఫీల్డుల నడుమ నిలువు గీతలు. ఓ పెద్ద జాబ్ లైను తీసి నీ అంకెలతోని పక్కపక్కన పెట్టు.

దేవరకొండ_డెబియన్:
డబ్ల్యూటీఎంపీ చదవొచ్చు, కానీ పరిమాణం ఆర్కిటెక్చర్‌ను బట్టి మారుతుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీల మీద రికార్డు 384 బైట్లు, ఆర్మ్64 మీద 400. 64 బిట్ల సిస్టమ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై నుంచి తెచ్చిన ఫైలు ఇక్కడి ఫార్మాట్‌తో చదివితే మొదటి రికార్డులోనే టైమ్ తప్పుతుంది, రెండో రికార్డు నుంచి అంతా చెత్తే వస్తుంది. లిటిల్ ఎండియన్ గుర్తు పెడితే స్ట్రక్ట్ ప్యాడింగ్ వేయదు, మొదటి షార్ట్ తర్వాత 2 బైట్లు మీరే వదలాలి. మరిచిపోతే 382 వస్తుంది.

టైప్ 7 లాగిన్, 8 లాగవుట్, 2 బూట్. లాగవుట్ రికార్డులో యూజర్ పేరు ఖాళీగా ఉండొచ్చు, కాబట్టి జత కలపాల్సింది పేరుతో కాదు, లైన్ ఫీల్డుతో. కరెంటు పోతే లాగవుట్ పడదు, తర్వాతి బూట్ రికార్డు దగ్గర తెరిచున్న సెషన్లన్నీ మూసేయండి. అవి ఎంతసేపు సాగాయో నిజంగా తెలియదు, కాబట్టి గంటల మొత్తంలో కలపకుండా వేరే కాలమ్‌లో చూపించండి.

డెబియన్ 13కు మారితే ఈ దారి మూసుకుపోతుంది. 2038 సమస్య (32 బిట్ల టైమ్ ఫీల్డు ఆ ఏడు నిండిపోవడం) వల్ల పాత ఫైలు బదులు డబ్ల్యూటీఎంపీడీబీ వచ్చింది. అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్, పైథాన్‌లో ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్ చాలు, బైట్ల గొడవే ఉండదు. టైమ్‌లు మాత్రం మైక్రోసెకన్లు, 10 లక్షలతో భాగించండి.

నల్లగొండ_ల్యాబ్:
మైనస్ ఐ పెట్టి, నాయి 60తో భాగిస్తే కలిసినయి. రూట్ లైన్ల మాత్రం కొంచెం తేడా ఉన్నది.

వనపర్తి_వీఐ:
మీ స్క్రిప్ట్ ఫైలు చదివిన తర్వాత క్రాన్ జాబులు నడిచి ఉంటాయి, అవి రూట్‌వే. పీఅక్ట్‌ను కాపీ చేసి, రెండింటికీ ఆ కాపీనే ఇచ్చి పోల్చండి.