మల్టీమీటర్ రాత్రి మధ్యలో జవాబు ఇవ్వడం మానేస్తోంది, మైనస్ 410 ఎర్రర్

నల్గొండలో మా షాపులో ఇన్వర్టర్ బ్యాటరీల వోల్టేజీ రాత్రంతా రికార్డు చేద్దామని పాత ఆరున్నర డిజిట్ల బెంచ్ మల్టీమీటర్‌ని ఆర్ఎస్-232 (పాతకాలపు సీరియల్) పోర్టు నుంచి యూఎస్‌బీ కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాను. ప్రోగ్రాం పైథాన్‌లో, మీటర్‌తో మాట్లాడే పైవీసా లైబ్రరీతో. పోర్టు సెట్టింగులు 9600 బాడ్ (వేగం), 8 బిట్లు, పారిటీ లేదు, 2 స్టాప్ బిట్లు. *ఐడీఎన్? అంటే టక్కున పేరు చెబుతుంది, రిమోట్ మోడ్‌లో పెట్టాక రీడింగ్ అడిగే రీడ్? కమాండ్ కూడా అరగంట, ముప్పావుగంట బాగానే నడుస్తుంది, ఆ తర్వాత టైమౌట్, మీటర్ డిస్‌ప్లే మీద ఎర్రర్ గుర్తు.

ఎర్రర్ ఏమిటని సిస్ట్:ఎర్ర్? కమాండ్‌తో అడిగితే మైనస్ 410, క్వెరీ ఇంటరప్టెడ్. పాత జవాబు చదవకముందే కొత్త ప్రశ్న వెళ్లిందని అర్థం, సరే, కానీ ఆ మొదటి జవాబు ఎందుకు ఆగిందన్నదే అంతు చిక్కట్లేదు.

ముందు ఎన్‌పీఎల్‌సీ (ఒక్కో రీడింగ్‌ని ఎన్ని కరెంటు సైకిళ్లసేపు కొలవాలో చెప్పే సెట్టింగు) 100 ఉండేది, మన 50 హెర్ట్జ్ కరెంటుకి అదే 2 సెకన్లు, ఆటోజీరోతో (ప్రతి రీడింగ్‌కీ మీటర్ తన సున్నాని కూడా కొలుచుకోవడం) రెట్టింపు, పైవీసా డిఫాల్ట్ టైమౌట్ 2 సెకన్లే. అందుకే ఎన్‌పీఎల్‌సీ 10కి దించి టైమౌట్ 10 సెకన్లు చేశాను. నల్ మోడెమ్ కేబుల్ (పంపే, అందుకునే వైర్లు అటూ ఇటూ మార్చి కలిపిన సీరియల్ కేబుల్) మార్చాను. బోరు మోటార్ స్టార్టర్ల మీద అనుమానంతో మీటర్, ల్యాప్‌టాప్ రెండింటినీ యూపీఎస్ మీద పెట్టాను. *సీఎల్ఎస్ పంపితే ఎర్రర్ పోతుంది, మళ్లీ అదే కథ.

ఇలా యూఎస్‌బీ కన్వర్టర్ వాడుతూ డీటీఆర్-డీఎస్ఆర్ హ్యాండ్‌షేక్ (డేటా పంపొచ్చో ఆగాలో విడి వైర్ల మీద ఒకదానికొకటి చెప్పుకోవడం) ఆన్ చేస్తే ఈ ఆగిపోవడం ఎవరికైనా తగ్గిందా?