హెపటైటిస్ సి: టైపును బట్టి వైరల్ లోడ్ మారుతుందా?

తిరుచానూరు కోడలు: మా మామగారికి కంటి ఆపరేషన్ ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి బయటపడింది. జీనోటైపు, అంటే వైరస్ రకం, 3ఎ. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే అంకె, మొదట 12,40,000. పోయిన వారం వేరే ల్యాబ్‌లో 28,00,000. ఇంకా మందులు మొదలుపెట్టలేదు. రెండింతలైందని ఇంట్లో ఒకటే టెన్షన్. మా వీధిలో టైపు 1 ఉన్నాయనకి 60 లక్షల పైనే అంట. టైపును బట్టి ఉంటుందా ఇది?

ల్యాబ్ నైట్‌డ్యూటీ: అక్కా, ఆ అంకె పక్కనే లాగ్ అని ఇంకొకటి ఉంటుంది, చూడండి. పెద్ద అంకెను కుదించి రాసేది అది, పదింతలైతేనే 1 పెరుగుతుంది. మీ లెక్కకు 6.09, 6.45 రావాలి. తేడా 0.5 కూడా లేదు. మందులు వాడకపోయినా అంతమాత్రం అటూఇటూ అవుతుంది, మిషన్ మారినా అవుతుంది. ఇకమీదట ఒకే ల్యాబ్‌లో చేయించండి.

పాకాల జంక్షన్: నాది 1బి. టైపు 1లో లోడ్ ఎక్కువని కొన్ని పరిశోధనల్లో తేలింది, కొన్నింటిలో తేడా కనబడలేదు. దాన్ని పట్టుకుని భయపడే పని లేదు. నాకు 70 లక్షలున్నా ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే పరీక్ష) మామూలుగానే వచ్చింది. నాతోపాటు ఓపీకి వచ్చే పెద్దాయనకి లక్ష కూడా లేదు, సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) ఉంది. లివర్ ఎంత చెడిందో లోడ్ చెప్పదండీ.

తిరుచానూరు కోడలు: స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాశారన్నా. ఆయన మద్యం ముట్టరు, మనిషి సన్నమే.

పాత పేషెంట్: అది టైపు 3 గుణమమ్మా. ఆ వైరస్సే లివర్‌లో కొవ్వు చేరుస్తుంది, నయమైతే చాలామందికి తగ్గుతుంది. మన దేశంలో ఎక్కువగా ఉండేదీ ఈ 3వ టైపే. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల కాలంలో టైపు 1కి 48 వారాలు, 3కి 24 వారాలు వేసేవాళ్లు. లోడ్ ఎక్కువుంటే మందు పనిచేయదేమోనని డాక్టర్లకే దిగులు. ఆ ఇంజెక్షన్లకొచ్చే జ్వరాలన్నీ నేను పడ్డవాణ్ణే. ఇప్పుడు సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్ర రోజుకొకటి, 12 వారాలు. ఏ టైపుకైనా అదే. సిర్రోసిస్‌తో పాటు 3బి ఉంటే కాస్త మొండి. మీది 3ఎ కదా.

పాకాల జంక్షన్: 2018 నుంచి కేంద్రం పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. డబ్బు కట్టేముందు అక్కడ కనుక్కోండి. మందు మొదలుపెట్టేలోపు హెపటైటిస్ బి టెస్టు కూడా అడగండి. అది లోపల దాగి ఉంటే ఈ మాత్రలకి తిరగబెట్టొచ్చు.

ల్యాబ్ నైట్‌డ్యూటీ: కోర్సు అయ్యాక 12 వారాలు ఆగి వైరల్ లోడే చేయించండి. యాంటీబాడీ టెస్టు వద్దు, నయమైనా అది పాజిటివ్‌గానే ఉంటుంది. మళ్లీ ఇల్లంతా కంగారు పడతారు.